చదువు వదలని సన్యాసం: గుంటూరు డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ జీవితం



కర్మయోగం మీద వీడియో చేసిన ప్రతిసారీ ఒకే ప్రశ్న నన్ను పట్టుకుంటుంది. చదివిన చదువు, చేసే ఉద్యోగం ఒక వైపు, దేవుడు ఒక వైపు ఉంటే, దేవుడి వైపు నడవడానికి మొదటిదాన్ని వదిలేయాలా? ఇరవైల్లో ఉన్నవాళ్ళకి ఇది పుస్తకాల్లో ప్రశ్న కాదు. పగలు కోడ్ రాసి, రాత్రిళ్ళు ఈ పోస్టులు రాసే నాకు కూడా కాదు.

మామూలుగా అయితే ఇక్కడ జనక మహారాజు కథో, ధర్మవ్యాధుడి కథో చెప్పాలి. ఈసారి మాత్రం ఒక క్యాథలిక్ సిస్టర్ గురించి చెప్తాను. ఆవిడ ఈ ప్రశ్నని కేవలం ఆలోచించి వదిలేయలేదు, 37 ఏళ్ళు మన తెలుగు నేల మీద బతికి చూపించారు. హిందూ ఛానెల్‌లో ఈ కథ ఎందుకు అని కొందరికి అనిపించొచ్చు. ఆ మాట దాటేయను, చివర్లో దానికే వస్తాను.

జూబిలీ అంటే ఏమిటి?

నేనుండేది తార్నాకలో. ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి సిస్టర్లు కొత్త కాదు. స్కూల్ గేటు దగ్గర, మెట్రోలో, కూరగాయల బండి దగ్గర కనిపిస్తూనే ఉంటారు. మనలో చాలామంది వాళ్ళు నడిపే స్కూళ్ళలో చదివినవాళ్ళమే. అయినా వాళ్ళ జీవితం ఎలా నడుస్తుందో మనకి పెద్దగా తెలీదు.

వాళ్ళు రజత జూబిలీ, స్వర్ణ జూబిలీ జరుపుకుంటారు. అది వయసు లెక్క కాదు, ఉద్యోగంలో సర్వీసు లెక్క కూడా కాదు. సన్యాస వ్రతం పట్టిన రోజు నుంచి లెక్క. ముందు కొన్నాళ్ళు శిక్షణ ఉంటుంది. తర్వాత మొదటి వ్రతం. అది కొంత కాలానికే. కొన్నేళ్ళు గడిచాక, ఇంకా మనసు అదే మాట మీద ఉంటే, జీవితాంతం ఉండే వ్రతం. సొంత ఆస్తి ఉండదు, పెళ్ళి ఉండదు, పెద్దలు ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి. ఈ మూడు మాటల మీద 25 ఏళ్ళు నిలబడితే రజత జూబిలీ, 50 ఏళ్ళకి స్వర్ణ జూబిలీ, 60 ఏళ్ళకి వజ్ర జూబిలీ. మన సంప్రదాయంలో సన్యాస దీక్ష తెలిసినవాళ్ళకి ఇది అర్థం కాని సంగతేమీ కాదు.

మన కథలో ఆవిడకి వచ్చిన చిక్కు సరిగ్గా ఈ వ్రతం దగ్గరే.

మెల్‌బోర్న్‌లో మంచి ప్రాక్టీస్

మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బిరెగర్రా అనే చిన్న ఊళ్ళో పుట్టారు. ఐరిష్ మూలాలున్న క్యాథలిక్ కుటుంబం, ఇంటినిండా పిల్లలు. మెల్‌బోర్న్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్ ఆడపిల్లల్ని మొదటిసారి చేర్చుకున్నది కూడా అదే 1887లో. అంటే ఆవిడ పుట్టిన ఏడాదే ఆ తలుపు తెరుచుకుంది.

స్కాలర్‌షిప్ మీద చదువుకుంటూ మెల్‌బోర్న్ వచ్చారు. యూనివర్సిటీలో ముందు ఆర్ట్స్‌లో చేరి, తర్వాత మెడిసిన్‌కి మారారు. 1910లో డాక్టర్ పట్టా చేతికొచ్చింది. ఆ రోజుల్లో ఆడ డాక్టర్‌కి హాస్పిటల్లో చోటు దొరకడం అంత సులువు కాదు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ వెళ్ళి రెసిడెంట్ డాక్టర్‌గా పని చేసి, తిరిగి మెల్‌బోర్న్ వచ్చారు. కంటి, చెవి హాస్పిటల్లో పని, సొంత ప్రాక్టీస్, నగరంలో మంచి పేరు. మన భాషలో చెప్పాలంటే సెటిల్ అయిపోయారు.

1915 అక్టోబర్ 24న ఒక చిన్న కరపత్రం ఆవిడ చేతికొచ్చింది. అది స్కాట్లండ్‌కి చెందిన డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ గురించి. సొంత దేశంలో మెడిసిన్ చదవనివ్వకపోతే ఫ్రాన్స్ వెళ్ళి డాక్టర్ అయిన మనిషి ఆమె. వయసు మీద పడ్డాక, మన దేశంలో అప్పటి రావల్పిండిలో ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి పెట్టించారు. పరదా పాటించే ఇళ్ళలో ఆడవాళ్ళు ప్రాణం పోతున్నా మగ డాక్టర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు కాదు. లేడీ డాక్టర్లేమో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. తల్లులు కాన్పుల్లో, పిల్లలు పొత్తిళ్ళలో చనిపోతున్నారు.

ఆ కరపత్రం చదివాక తన జీవితం ఎటు వెళ్ళాలో మేరీకి తేలిపోయింది. అప్పటికి ఆవిడకి 28 ఏళ్ళు. అంటే దాదాపు నా వయసు.

నాలుగేళ్ళకి పైగా ఆగడం

నాకు బాగా నచ్చే భాగం ఇదే. నిర్ణయం తీసుకున్న మర్నాడే మూట సర్దుకుని బయల్దేరలేదు. ఇంకో నాలుగేళ్ళకి పైగా మెల్‌బోర్న్‌లోనే ఉన్నారు. అటు ప్రపంచ యుద్ధం నడుస్తోంది. 1916లో క్యాథలిక్ ఆడవాళ్ళ సేవా సంఘం ఒకటి మొదలైతే దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. అంతకంటే ముఖ్యంగా, మళ్ళీ చదివారు. కాన్పులు, స్త్రీల జబ్బులు, కంటి వైద్యం మీద దృష్టి పెట్టి 1919లో ఎండీ పూర్తి చేశారు.

సన్యాసం తీసుకోబోయే మనిషికి ఎండీ ఎందుకు? మనింట్లో ఎవరైనా ఇలా చేస్తే అడిగే మొదటి ప్రశ్న అదే. ఆవిడ లెక్క వేరు. దేవుడికి ఇవ్వాలనుకున్నది తన పనినే అయితే, దాన్ని అరకొరగా ఇవ్వకూడదు. వెళ్ళబోయే చోట ఏ జబ్బులు ఎక్కువో, ఆ వైద్యమే నేర్చుకుని వెళ్ళారు.

1920 జనవరిలో ఓడెక్కారు. ఫిబ్రవరిలో మద్రాసు మీదుగా గుంటూరు చేరారు. ఇవాళ మన ఫ్రెండ్స్ ఎంతోమంది ఎంఎస్ కోసం మెల్‌బోర్న్ ఫ్లైట్ ఎక్కుతున్నారు. వందేళ్ళ కిందట ఆవిడ ఎండీ చేసి ఎదురు దారిలో వచ్చారు. మళ్ళీ ఆస్ట్రేలియా తిరిగి వెళ్ళలేదు.

వ్రతమా, వైద్యమా?

గుంటూరులో అప్పటికి జీసస్ మేరీ జోసెఫ్ సంఘం సిస్టర్లు ఉన్నారు. మనం జేఎంజే అంటామే, వాళ్ళే. 1822లో నెదర్లాండ్స్‌లో పుట్టిన ఈ సంఘం సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. వాళ్ళ దగ్గర చిన్న డిస్పెన్సరీ ఉంది, డాక్టర్ లేరు. మేరీ వాళ్ళలో చేరి వ్రతం పట్టారు. కొత్త పేరు సిస్టర్ మేరీ ఆఫ్ ద సేక్రెడ్ హార్ట్.

ఇక చిక్కు ఇది. ఆ కాలం చర్చి నియమాల ప్రకారం సన్యాస వ్రతం పట్టినవాళ్ళు ప్రత్యేక అనుమతి లేకుండా డాక్టర్లుగా వైద్యం చేయకూడదు. కాన్పుల పనైతే బ్రహ్మచర్యం పాటించే సిస్టర్లకి అసలు తగదనే అభిప్రాయం బలంగా ఉండేది. కాబట్టి ఆవిడ ముందు రెండు దారులున్నాయి. సిస్టర్ అయితే డాక్టర్‌గా ఉండటం కష్టం. డాక్టర్‌గానే ఉండిపోతే సిస్టర్ కాలేరు. ఇటు చూస్తే, జీవితాంతం ఒకే ఊళ్ళో ఉండిపోయే లేడీ డాక్టర్లు కావాలి. అలా ఉండిపోవడానికి సిద్ధంగా ఉన్న సిస్టర్లకేమో నియమం అడ్డం. మెక్‌లారెన్ ఈ ముడి విప్పమని రోమ్‌ని అడుగుతూనే 1913లో కన్నుమూశారు.

మేరీ నియమాన్ని ధిక్కరించలేదు, పట్టా పక్కన పెట్టి పూజలో కూర్చోనూ లేదు. అనుమతి అడిగారు. పోప్ పదిహేనో బెనెడిక్ట్ ప్రత్యేకంగా ఒప్పుకున్నారు. అలా వ్రతం పట్టి వైద్యం చేసిన తొలి డాక్టర్ సిస్టర్‌గా ఆవిడ పేరు నిలిచిపోయింది. సిస్టర్లందరికీ ఆ తలుపు తెరుచుకున్నది 1936లో. అప్పటికి గుంటూరులో ఆవిడ పదహారేళ్ళుగా ఆ పని చేస్తూనే ఉన్నారు.

గుంటూరులో 37 ఏళ్ళు

ఆవిడ వచ్చేనాటికి కోస్తాంధ్రలో ఒక్క మెడికల్ కాలేజీ లేదు. విశాఖపట్నంలో 1923లో వచ్చింది, గుంటూరులో అయితే 1946లో. అలాంటి చోట ఒక ఎండీ డాక్టర్, అదీ లేడీ డాక్టర్ అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చాలా ఏళ్ళు ఆ ఆసుపత్రికి ఆవిడే డాక్టర్. మన దగ్గర ఒక్కరే తెలిసిన సిస్టమ్ ఏదైనా ఉంటే ఆ ఒక్కరికి సెలవు ఉండదు కదా, అలాంటి బతుకు. ప్రొడక్షన్ ఆగిపోతే మనకి ఫోన్ వస్తుంది, అక్కడైతే ప్రసవం ఆగిపోయిన మనిషి గుమ్మంలోకి వస్తుంది.

ఒక్క మనిషి ఎంతని చూడగలదు? అందుకే ఆవిడ ఇక్కడి ఆడపిల్లలకే నేర్పడం మొదలుపెట్టారు. మందులు కలపడం, నర్సు పని, మంత్రసాని పని. చిన్న డిస్పెన్సరీ పెరిగి సెయింట్ జోసెఫ్స్ హాస్పిటల్ అయింది. లక్షల మంది అక్కడ వైద్యం పొందారు. గుంటూరులో ఆ హాస్పిటల్ ఇవాళ్టికీ నడుస్తోంది.

ఆవిడ చూపు అక్కడితో ఆగలేదు. దేశమంతటా ఇలాంటి ఆసుపత్రులు నడుపుతున్న సిస్టర్లు ఎవరికి వారే కష్టపడుతున్నారు. 1943 జూలై 29న 16 మంది సిస్టర్లు బెంగళూరులో కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డారు. దానికి ముందు నిలిచింది మేరీయే. అదే ఇవాళ్టి క్యాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. ఇప్పుడు దాని కింద 3,500కు పైగా ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రాలు, సంస్థలు ఉన్నాయి. ప్రధాన కార్యాలయం మన సికింద్రాబాద్‌లోనే, తార్నాక నుంచి పెద్ద దూరమేం కాదు. ఇంత దగ్గర్లో ఉన్న సంస్థ వేళ్ళు గుంటూరులో ఉన్నాయని ఈ చుట్టుపక్కల ఎంతమందికి తెలుసు?

క్యాథలిక్ మెడికల్ కాలేజీ మన దేశంలో ఉండాలని కూడా ఆవిడ కోరిక. క్యాథలిక్ మెడికల్ కాలేజీగా బెంగళూరు సెయింట్ జాన్స్ 1963లో మొదలైంది. అప్పటికి ఆవిడ లేరు. క్యాన్సర్‌తో బాధపడి 1957 మే 5న బెంగళూరులో కన్నుమూశారు. 69 ఏళ్ళు. రజత జూబిలీ వయసు దాటిన వ్రతం, స్వర్ణ జూబిలీ దాకా రాలేదు. 2013లో చర్చి ఆవిడని దైవ సేవకురాలిగా ప్రకటించింది. పునీతుల జాబితా వైపు అది తొలి మెట్టు.

మనకెందుకు ఈ కథ?

ఇప్పుడు మొదట్లో దాటేయనన్న మాట. ఆవిడ వచ్చింది క్రైస్తవ మిషన్‌లో భాగంగానే. చేసిన ప్రతి పనీ క్రీస్తు కోసమే అనుకుని చేశారు. ఆ ముక్క తీసేసి మనకి నచ్చినట్టు చెప్తే అది ఆవిడ జీవితం కాదు. మిషన్ల గురించి, మతమార్పిడుల గురించి మన ఇళ్ళలో వాదనలు నడుస్తాయి, నడవనివ్వండి. ప్రశ్నలు అడగడం తప్పేం కాదు. కానీ కాన్పు కష్టమైన రాత్రి, బిడ్డ అడ్డం తిరిగిన రాత్రి, ఆ తలుపు తెరిచి ఉండటం కూడా నిజమే. ఒక నిజం కోసం ఇంకో నిజాన్ని మూసేయనక్కర్లేదు. ఆవిడ తన దేవుణ్ణి వదల్లేదు, మనం మన దేవుణ్ణి వదలనక్కర్లేదు. ఒక మంచి జీవితం ముందు చేతులు జోడించడానికి మతం అడ్డు రాదు.

నేను ఆవిడ దగ్గర తీసుకున్నది ఒకటే. ఆవిడ వదిలినవి చాలా ఉన్నాయి. ప్రాక్టీస్ ఆదాయం, ఇల్లు, దేశం, చివరికి పేరు. చదువుని మాత్రం వదల్లేదు. ఆ చదువు వల్ల తనకి వచ్చేదాన్ని వదిలారు, ఆ చదువుతో ఇతరులకి చేయగలిగిందాన్ని ఇంకా పెంచుకున్నారు. గీత చెప్పే కర్మఫల త్యాగం అర్థం కావడానికి నాకు ఇంతకంటే తేటైన ఉదాహరణ ఈ మధ్య దొరకలేదు. అక్కడ వదలమన్నది ఫలం మీద ఆశని, పనిని కాదు.

కాబట్టి ఉద్యోగం మానేసి ఆశ్రమానికి వెళ్ళాలా అని ఊగిసలాడేవాళ్ళు ముందు ఒక పని చేయండి. మీకు బాగా వచ్చిన పని ఏదో ఒక కాగితం మీద రాయండి. అది ఎవరికి అందడం లేదో పక్కన రాయండి. లెక్కలు చెప్పడం కావచ్చు, అకౌంట్స్ చూడటం కావచ్చు, కోడింగ్ కావచ్చు. వారానికి రెండు గంటలు ఆ రెండిటినీ కలపండి. కొన్నేళ్ళు ఆగాల్సి వచ్చినా పర్లేదు, ఆవిడ కూడా ఆగారు. ఆ ఆగిన కాలంలో పని ఇంకా బాగా నేర్చుకోండి.

ఈసారి తార్నాకలో ఒక పెద్ద వయసు సిస్టర్ ఎదురైతే, ఆవిడ ఎన్నేళ్ళ కిందట ఆ మాట ఇచ్చి ఉంటారో ఒక్క క్షణం ఆలోచించండి. వీలైతే ఒక నమస్కారం పెట్టండి.

వచ్చే పోస్టులో కలుద్దాం. శుభం.