యతీం పిల్లవాడు, ఎయిర్‌గన్ను, ఒక పిచ్చుక
(జనాబ్ సాలిం అలీ జీవితం)

కొల్లేటి చేప తిని, కొల్లేటి గాలి పీల్చి పెరిగిన మనకు పక్షులు కొత్త కాదు. ఏలూరు దాటి పడమటి లంకల వైపు వెళితే గూడబాతులు, కొంగలు, నీటికోళ్ళు గుంపులు గుంపులుగా కనపడతాయి. ఆ పక్షుల శాస్త్రాన్ని దేశానికంతటికీ నేర్పిన మహనీయుడు మన మిల్లత్‌లో పుట్టిన ఒక యతీం పిల్లవాడనే సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాయదలిచాము.

సాలిం అలీ గారు 1896 నవంబరు 12న బొంబాయిలో సులైమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. ఏడాది నిండేసరికి తండ్రి పోయారు. మూడేళ్ళకు తల్లి కూడా పోయింది. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన బేగం హమీదా గారు ఆ తోబుట్టువులందరినీ చేరదీసి ఖేత్‌వాడీలోని తమ ఇంట్లో సొంత బిడ్డల్లాగా పెంచారు. యతీం తలమీద చెయ్యి వేయడం ఎంత పుణ్యమో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ చెయ్యి ఎంత దూరం పోతుందో ఇక చూడండి.

మామకు షికారంటే ప్రాణం. పిల్లవాడికి ఒక చిన్న ఎయిర్‌గన్ను బహుమతిగా ఇచ్చారు. తుపాకి కొత్తగా చేతికొచ్చినవాడికి గురి ఒక్క రోజులో రాదు. కదలకుండా కూచోవాలి, ఊపిరి బిగపట్టాలి, పిట్ట ఎక్కడ వాలుతుందో, ఎటు లేస్తుందో ముందే కనిపెట్టాలి. చుట్టాల పిల్లలతో పోటీలు కూడా జరిగేవి. వారిలో దూరపు బంధువైన ఇస్కందర్ మీర్జా మంచి గురికాడు. ఆయనే 1956లో పాకిస్తాన్ మొదటి ప్రెసిడెంటు అయ్యారు.

అయితే సాలిం చూపు గురి దగ్గర ఆగలేదు. 1906-07 ప్రాంతంలో గుర్రపుశాలలో ఒక పిచ్చుక గూడు ఉండేది. లోపల ఆడది గుడ్లు పొదుగుతుంటే బయట మగది కాపలా కాసేది. కుర్రవాడు మగదాన్ని కొట్టాడు. కాసేపటికి ఆడది ఇంకో మగదాన్ని తెచ్చుకుంది. దాన్నీ కొట్టాడు. ఇలా ఏడు రోజుల్లో ఎనిమిది మగ పిచ్చుకలు పడ్డాయి. గొప్పకోసం లెక్కపెట్టుకుని ఊరుకోకుండా, జరిగినది జరిగినట్టు కాగితం మీద రాసి పెట్టాడు. పదేళ్ళ పిల్లవాడి ఆ రాత తరువాతి కాలంలో అచ్చయింది కూడా.

అసలు మలుపు 1908లో వచ్చింది. కొట్టిన పిచ్చుకను హలాల్ చేసి వండుకు తినడం ఆ ఇంటి పిల్లలకు అలవాటు. ఒక రోజు పడిన పిచ్చుక గొంతు దగ్గర పసుపు మచ్చ కనిపించింది. ఇది మామూలు పిచ్చుకేనా, ముసల్మాను తినదగినదేనా అని సాలింకు అనుమానం తగిలింది. నోటికి రుచి తగిలేముందు మనసుకు ప్రశ్న తగిలిందన్నమాట! పక్షిని పట్టుకుని మామ దగ్గరికి పోయాడు.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. మామ అంత షికారీ అయికూడా ఆ పక్షి పేరు ఎరగరు. ఏదో ఒక పేరు చెప్పి పంపలేదు, పనిలేదా అని కసరలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ సెక్రటరీ మిల్లార్డ్ దొరకు ఒక చీటీ రాసి పిల్లవాడి చేతికిచ్చారు. పిల్లవాడు బెదురుతూనే వెళ్ళాడు. ఆ దొర అది పసుపుగొంతు పిచ్చుక అని చెప్పి, సొరుగులు తెరిచి సొసైటీ దాచిన పక్షులను చూపించి, చదువుకోను పుస్తకాలిచ్చారు. ఒక చీటీ ఒక జీవితానికి తలుపు తీసింది.

అలాగని దారి పూలబాట కాలేదు. 1913లో మెట్రిక్ అతికష్టం మీద గట్టెక్కారు. కాలేజీలో లెక్కలు మింగుడుపడక చదువు ఆగింది. బర్మాలో కుటుంబం వారి గనుల పనికి పోయారు. డిగ్రీ లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర శాఖలో ఉద్యోగం దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడు పని దొరికింది. సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళి స్ట్రెస్‌మాన్ అనే పెద్ద పండితుని వద్ద నేర్చుకుని 1930లో తిరిగొచ్చేసరికి, డబ్బు లేదని ఆ పోస్టే తీసేశారు. అప్పుడాయన ఖర్చులు పెట్టుకుంటే చాలు, జీతం వద్దని సంస్థానాలలో పక్షుల సర్వేకు పూనుకున్నారు. 1931-32లో నైజాం రాజ్యమంతా తిరిగారు. గుడారాల్లో భార్య తహ్మీనా బేగం తోడున్నారు.

ఆ సర్వేల్లోనూ తుపాకి చేతిలోనే ఉండేది. పరీక్షకు కావలసిన పక్షిని మాత్రం, చర్మం చెడకుండా, సన్నని రవ్వతో కొట్టేవారు. అదే కాలంలో 1938లో భరత్‌పూర్‌లో వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం సరదాకోసం ఒక్కరోజున 4,273 పక్షులను కూల్చినది. రెండూ తుపాకులే, రెండూ గురే. తేడా మనిషిలో ఉంది. ఆ భరత్‌పూర్ పక్షులకు రక్షణ కల్పించడానికి ముందుండి పాటుపడినవారు కూడా సాలిం అలీ గారే.

1941లో ఆయన భారత పక్షుల పుస్తకం వెలువడింది. 1968-74 మధ్య రిప్లీ గారితో కలిసి పది సంపుటాల గ్రంథం రాశారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం వచ్చాయి. డిగ్రీ లేని మనిషికి యూనివర్సిటీలే పిలిచి డాక్టరేట్లిచ్చాయి. 1985లో రాసుకున్న ఆత్మకథకు ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నారు. 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు.

ఇక మన సంగతి. 1946లో నీలకంఠన్ అనే పక్షి ప్రేమికుడు మన కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల పెద్ద కాలనీని కనుగొన్నప్పుడు దాదాపు మూడు వేల పక్షులు ఉండేవి. 1975 ప్రాంతానికి ఆ కాలనీ మాయమైపోయింది. కొల్లేరు 1999లో అభయారణ్యం, 2002లో రాంసర్ సరస్సు అయింది. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు మళ్ళీ గూళ్ళు కడుతున్నాయి. 1972 చట్టం ప్రకారం వాటిని వేటాడడం నేరం కూడా.

మన పిల్లలను ఉండేలు కింద పెట్టించి ఆటపాక తీసుకుపోండి, చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వండి. తెలియనిది అడిగితే నోరు మూయించకండి. మనకు తెలియకపోతే తెలిసినవారికి చీటీ రాసివ్వండి. ఉర్దూ మీడియమైనా తెలుగు మీడియమైనా, పిల్లవాడి ప్రశ్నకు మీడియం లేదు. ముఖ్యంగా తండ్రిలేని పిల్లల విషయంలో ఫీజు, పుస్తకాలతో పాటు ఈ చీటీ కూడా మన సొసైటీ బాధ్యతే అని మేము నమ్ముతున్నాము. అల్లాహ్ మనకు ఆ మామగారి మనసు ప్రసాదించుగాక. ఆమీన్.