జానపదబ్రహ్మ విఠలాచార్య

పామర్రు చెంతనున్న నిమ్మకూరున జన్మించిన నందమూరి తారకరామారావు కథానాయకుడుగా 'బందిపోటు' (1963), 'అగ్గిపిడుగు' (1964) మున్నగు జానపద చిత్రములను తీసిన దర్శకుడు బి. విఠలాచార్య. ఆయన 1920లో ఉడుపి సమీపమునందలి ఉద్యావరమున జన్మించెను. తెలుగు ఆయన మాతృభాష కాదు. తొలుత ఉపాహారశాలను, పిదప టూరింగు టాకీసును నడిపెను. 1954లో 'రాజ్యలక్ష్మి' అను కన్నడ చిత్రముతో దర్శకుడయ్యెను.

తరువాత మదరాసు చేరి తెలుగు చిత్రములు నిర్మించెను. పెద్ద పెట్టుబడులకు పోక, మితవ్యయముతోనే మాంత్రికులను, దయ్యములను తెరపై ఆడించెను. 'జగన్మోహిని' (1978)లో కట్టెలకు మారుగా తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేయు దయ్యమును చూచి జనులు జడిసిరి, జడిసియు నవ్విరి. ఆ చిత్రము ఘనవిజయము సాధించెను.

1999లో ఆయన కీర్తిశేషుడయ్యెను. ధనము కొఱవడినను ఊహ కొఱవడరాదని ఆయన జీవితము చాటుచున్నది.