నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్

ఖమ్మం నుండి సత్తుపల్లి పోవు దారిలో వైరా చెరువు కట్టను చూడని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. కూసుమంచి దాపున ఉన్న పాలేరు జలాశయం సైతం అందరూ ఎరిగినదే. వీటిని కట్టించినదెవరని అడిగితే చాలామంది నిజాం ప్రభువు పేరు చెప్పి ఊరుకుంటారు. ఆజ్ఞ, ధనం ప్రభువువి. ఆ పనిని నడిపించిన ప్రజాపనుల శాఖకు సారథి నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థి సోదర సోదరీమణులకు సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు, మదరసా-ఎ-ఆలియా, నిజాం కళాశాలలలో విద్య నభ్యసించి, 1896లో ప్రభుత్వ విద్యార్థి వేతనంపై ఇంగ్లండు వెళ్లారు. భారతదేశానికి ఇంజనీర్లను తయారుచేసే కూపర్స్ హిల్ కళాశాలలో పట్టం పొంది 1899లో తిరిగివచ్చి, సహాయ ఇంజనీరుగా కొలువు ప్రారంభించారు. పెద్ద ఉద్యోగాలలో పరాయి ప్రాంతాలవారే అధికంగా ఉన్న ఆ రోజులలో, ఈ నేల బిడ్డ 1918లో చీఫ్ ఇంజనీరు పదవి నధిష్ఠించడం సామాన్య విషయం కాదు.

1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాదిమందిని బలిగొన్నది. ఆ తర్వాతనే విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలిశాయి. నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు లేచాయి. వాటికి రూపకల్పన చేసిన విన్సెంట్ ఎష్ పేరును చరిత్రకారులు మరువలేదు. చికాగో మేడలను వర్ణించేవారు లూయీ సల్లివన్‌ను తప్పక తలుస్తారు. గుమ్మటానికి దక్కే ఈ గౌరవం తూముకు ఎందుకు దక్కదో మాకు బోధపడదు.

నవాబుగారి కీర్తికి పతాక నిజాంసాగర్. 1923లో మంజీర నదిపై మొదలైన ఆ ఆనకట్ట 1931లో పూర్తయినది. రెండు లక్షల డెబ్బదిఅయిదు వేల ఎకరాలకు నీరందించాలన్నది సంకల్పం. కరువు సీమలో వరి, చెరకు పండాయి. ఆ చెరకును నమ్ముకొనే 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. అయితే ఆ నీటి అడుగున సుమారు నలభై గ్రామాలు మునిగిన మాట కూడ చెప్పుకోవాలి. పండిన పొలాలను పొగిడే కలాలు ఆ ఊళ్లను తలవకపోవడం న్యాయం కాదు. మరొకటి: మంజీర మోసుకొచ్చిన ఒండ్రు పేరుకొని, నాలుగు దశాబ్దాలలోనే జలాశయం తన నిల్వశక్తిలో సగానికి పైగా కోల్పోయింది. తర్వాతి ప్రభుత్వాలు కట్టను ఎత్తు చేయవలసివచ్చింది.

మన సీమ సంగతికి వద్దాము. అప్పటికి ఖమ్మం వేరు జిల్లా కాదు, వరంగల్లులో భాగం. భద్రాచలం తాలూకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1959లో గాని ఖమ్మంలో చేరలేదు. వానకారులో పొంగి వేసవిలో ఇసుక తేలే వాగులకు అడ్డుకట్టలు వేసి, 1930 ప్రాంతానికి పాలేరు, వైరా జలాశయాలను సిద్ధం చేశారు. వైరా కింద సుమారు పదిహేడు వేల ఎకరాల ఆయకట్టు ఏర్పడింది. పాలేరు తర్వాతి కాలంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు ఆధారమైనది. 2017లో భక్త రామదాసు పేరిట నెలకొన్న ఎత్తిపోతల పథకం ఈ పాలేరు నీటినే మెట్ట పొలాలకు ఎక్కిస్తున్నది. రామదాసు పేరున పథకం, దానికి నీళ్లిచ్చేది నవాబుగారి కాలపు జలాశయం!

1929లో సింధు నదిపై సుక్కూరు బ్యారేజి పనిని పరీక్షించుటకు బొంబాయి ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారితో పాటు నవాబుగారిని ఆహ్వానించింది. 2014 నుండి తెలంగాణ ప్రభుత్వం ఆయన జన్మదినాన్ని ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నది. తుంగభద్ర జలాలలో హైదరాబాదు వాటాకై మద్రాసుతో సాగిన సుదీర్ఘ చర్చలలో ఆయన పాత్ర గణనీయం. 1945లో ఆ ఆనకట్టకు పునాది పడింది. 1949 డిసెంబరు 6న నవాబుగారు కన్నుమూశారు. తుంగభద్ర నీరు కాలువలకెక్కినది 1953లో.