జాన్ వెస్లీ: తుపాను నేర్పిన పాఠము

విద్యావంతునకు భయముండదని లోకులు తలంతురు. కాని చదువు వేరు, ధైర్యము వేరు. ఈ భేదమును తనయందే కనుగొని, దాచక తన దినచర్యలో వ్రాసికొనిన మహనీయుడు జాన్ వెస్లీ.

ఆయన 1703లో ఇంగ్లాండునందలి ఎప్‌వర్త్ గ్రామమున జన్మించెను. తండ్రి ఆ యూరి చర్చి గురువు. 1709లో ఒకనాటి రాత్రి వారి యిల్లు తగులబడగా, ఐదేండ్ల యీ బాలుడు మేడపై చిక్కుకొనెను. ఒకరి భుజములపై నొకరు నిలిచి జనులు వానిని కిటికీనుండి దింపినంతనే పైకప్పు కూలెను.

వెస్లీ పెద్దవాడై ఆక్స్‌ఫర్డున గ్రీకు, లాటిను భాషలయందు పండితుడయ్యెను, గురుపట్టము పొందెను. ఉపవాసములు సలుపుచు, చెరసాలలోని దీనులను దర్శించుచుండెను. అయినను మరణభయము వీడలేదు.

1735లో మతబోధకై అమెరికాలోని జార్జియాకు ఓడ నెక్కెను. అందు మొరేవియనులను జర్మను క్రైస్తవులు కొందరుండిరి. ఇతరులు చేయనొల్లని పనులను వారు కూలి గొనక చేయుచు, అవమానములను ఓర్చుకొనుచుండిరి. వారితో మాటలాడుటకై వెస్లీ జర్మను భాష నేర్వసాగెను. 1736 జనవరి 25న వారు సాయంకాల ప్రార్థనలో కీర్తన పాడుచుండగా, పెనుకెరటము విరుచుకొనిపడి, పెద్ద తెరచాపను చీల్చి, ఓడను ముంచెత్తెను. తక్కినవారు భయముతో కేకలు వేసిరి. జర్మనులు మాత్రము పాట మానలేదు. తుపాను పిమ్మట వెస్లీ వారిలో నొకనిని ప్రశ్నింపగా, తమ స్త్రీలును బిడ్డలును సైతము మరణమునకు వెరవరని తెలిసెను. ఆ పండితుని గర్వము నాడు తలవంచెను.

జార్జియాలో ఆయన యత్నములు ఫలింపలేదు. 1738లో మరలి వచ్చుచు, ఇతరులను మార్చబోయిన తానే మారలేదని తన జీవితపు లెక్కను నిర్దయగా తేల్చుకొనెను. లెక్కలు వ్రాయు వృత్తిలోనున్న నాకు, ఇంతటి నిజాయితీ అరుదని తెలియును. ఆ యేడు మే 24న లండను నగరమున, ఆల్డర్స్‌గేట్ వీధిలోని యొక చిన్న కూటమిలో లూథరు వ్రాసిన పీఠికను ఎవరో చదువుచుండగా, క్రీస్తు తన పాపములను సైతము తొలగించెనను నమ్మకము ఆయన హృదయమున వెచ్చగా నెలకొనెను.

ఆ నమ్మకమునకు పరీక్షలు రాకపోలేదు. చర్చి తలుపులు మూయబడగా, 1739 నుండి పొలములలోను గనికూలీల నడుమను బోధించెను. 1743లో వెన్స్‌బరీయందు అల్లరిమూక ఆయనను గంటలకొలది ఈడ్చి కొట్టినను కలవరపడలేదు. కడకు ఆ మూక నాయకులలో నొకడే ఆయనకు అండయై నిలిచెను. పేదలు కొనగల చౌక పుస్తకములను విరివిగా ముద్రింపించెను. 1791 ఫిబ్రవరిలో, మరణశయ్యకు చేరువలో, బానిసవ్యాపారముపై పోరాడుచున్న విల్బర్‌ఫోర్సునకు ధైర్యము చెప్పుచు లేఖ వ్రాసెను. ఆ మార్చి 2న, ఎనుబదియేడేండ్ల వయసున, బంధుమిత్రుల ప్రార్థనల నడుమ ప్రశాంతముగా కన్నుమూసెను.

ఓడలో మరణమునకు వణకినవాడే మరణశయ్యపై నిర్భయుడయ్యెను. గ్రంథములు ఆయనకు మార్గము చూపెను. ఆ మార్గమున నడువగలమను ధైర్యమును తుపానులో పాడిన సామాన్యులు చూపిరి. మన గ్రంథాలయమున చదువరులగు మిత్రులు ఈ రెండవ గురువులను మరువకుందురుగాక.