టామ్ బ్రాడ్లీ జీవితము



గొప్పవారి చరిత్రములు చదువునపుడు వారి విజయములను మాత్రమే లెక్కించు అలవాటు మనలో కలదు. గెలుపుతోపాటు ఓటమిని, మెప్పుతోపాటు నిందను కూడ తూచి చూచినగాని మనుష్యుని విలువ తెలియదు. అట్లు తూచి చూడదగిన జీవితమొకటి ఈ ఏటి సంచికలో మీ ముందుంచుచున్నాము. అమెరికా దేశమందలి లాస్ ఏంజిల్స్ నగరమున పోలీసు జవానుగా చేరి, పిదప ఆ నగరమునకే ఇరువది సంవత్సరములు మేయరుగా నుండిన టామ్ బ్రాడ్లీ చరిత్ర మిది.

బ్రాడ్లీ 1917వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన టెక్సాస్ రాష్ట్రమున కాల్వర్ట్ అను చిన్న ఊరిలో జన్మించెను. ఇతని తాత బానిసగా బ్రదికినవాడు. తల్లిదండ్రులు పరుల భూమిని దున్ని, పండినదానిలో కొంత భాగము పుచ్చుకొని కాలము గడుపు నల్లజాతి పేదలు. పసితనముననే బ్రాడ్లీ ప్రత్తి తీయుటకు చేలలోనికి పోయెను. ఎండలో వంగి ప్రత్తి తీయుట ఎట్టి పనియో మన పల్లెల పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. 1924లో ఆ కుటుంబము పొట్టచేతబట్టుకొని లాస్ ఏంజిల్స్ నగరమునకు చేరెను. తండ్రి రైల్వేలో కూలిగాను, తల్లి ఇండ్లలో పనిమనిషిగాను కష్టపడి పిల్లలను పెంచిరి.

ఉన్నత పాఠశాలలో ఇతడు పరుగుపందెములందు పేరు గాంచెను. ఆటలలో చూపిన నేర్పు వలన విద్యార్థి వేతనము లభించి, 1937లో ఆ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అయినను ఇంటి స్థితి అంతంతమాత్రము. 1940లో చదువు ముగియకమునుపే పోలీసు ఉద్యోగమునకు పరీక్ష నిచ్చి, అందు నెగ్గి, ఆ శాఖలో చేరెను.

నాటి లాస్ ఏంజిల్స్ పోలీసు శాఖలో నల్లజాతి ఉద్యోగులకు అన్ని తావులందును పని దొరకెడిది కాదు. వారిని తమ జాతివారు నివసించు పేటలలో గస్తీకో, వీధులలో బండ్ల రాకపోకలను సరిచూచుటకో నియోగించెడివారు. నల్లవాడును తెల్లవాడును ఒకే గస్తీ బండిలో కూర్చుండరాదను కట్టుబాటు సాగుచుండెను. బ్రాడ్లీ బాలనేరస్థుల విభాగమునందును, ప్రజలతో పొత్తు పెంచు విభాగమునందును పనిచేసి లెఫ్టినెంటు పదవికి ఎక్కెను. ఆ పదవిలో నుండగా రెండు జాతులవారిని ఒకే బండిలో పంపుటకు ప్రయత్నించెను గాని, అందుకు ఒప్పుకొనిన తెల్ల ఉద్యోగులను తోటివారు వేధించుటచే ఆ యత్నము నిలువలేదు. ఉద్యోగమున మాత్రమే కాదు, ఇంటి విషయమునను అట్టి అడ్డంకియే. 1950లో తెల్లవారుండు పేటలో ఇల్లు కొనదలచినపుడు, తెల్లవాని నొకనిని మధ్యన నిలిపి అతని పేర కొనవలసి వచ్చెను.

ఇట్టి చోట ఒకడు రోషముతో రాజీనామా నిచ్చి పోవును; మరియొకడు తల వంచుకొని జీతము తీసికొనును. బ్రాడ్లీ ఈ రెంటిని చేయలేదు. పగలు ఉద్యోగము చేసి, రాత్రివేళ న్యాయశాస్త్రము చదివి, 1956లో పట్టము పొందెను. పిదప న్యాయవాదియై, 1961లో ఇరువదియొక్క సంవత్సరముల పోలీసు కొలువు విడిచెను.

1963లో నగర సభకు పదియవ విభాగము నుండి పోటీచేసి గెలిచెను. ఆ విభాగమున నల్లజాతివారు ఓటర్లలో సగమైనను లేరు. యూదులు, జపాను సంతతివారు, మెక్సికో సంతతివారు, తెల్లవారు ఇతనికి కలసి వచ్చిరి. అందరి వాకిళ్లకు పోయి అందరి మాట వినుటయే ఇతడు కనిపెట్టిన ఉపాయము. 1965లో వాట్స్ పేటలో అల్లరులు చెలరేగి 34 మంది మరణించినపుడు, తాను పనిచేసిన పోలీసు శాఖ నడవడినే ఇతడు నిర్భయముగా విమర్శించెను.

1969లో మేయరు పదవికి నిలిచెను. మొదటి విడత ఓటింగులో అందరికన్న ముందుండెను. కాని అప్పటి మేయరు శామ్ యార్టీ, బ్రాడ్లీ గెలిచినచో నగరము విప్లవకారుల పాలగుననియు, పోలీసులకు దిక్కుండదనియు ప్రచారము సాగించెను. ఇరువది యేండ్లకు పైగా పోలీసుగా పనిచేసినవానిని పోలీసుల శత్రువని నమ్మి జనులు తుది విడతలో ఓడించిరి. బ్రాడ్లీ కుపితుడు కాలేదు. తిరిగి వాడవాడలు తిరిగి, నాలుగేండ్ల తరువాత, 1973లో, అదే ప్రత్యర్థిని ఓడించి, ఆ నగరమునకు నల్లజాతివారిలో మొదటి మేయరయ్యెను. అప్పటికి నగర జనసంఖ్యలో నల్లజాతివారు ఐదవ వంతుకన్న తక్కువ.

వరుసగా ఐదు పర్యాయములు ఇతనిని ప్రజలు ఎన్నుకొనిరి. నగర పాలక మండలులలో స్త్రీలకును, ఇతర జాతులవారికిని ఇతడు చోటు కల్పించెను. 1984 ఒలింపిక్ క్రీడలను నగరమునకు రప్పించెను. పన్నుల సొమ్ము ఆటలకు వ్యయము చేయరాదని ప్రజలు నిబంధన పెట్టగా, ఆ క్రీడలు ప్రైవేటు ధనముతోనే నడచి, 20 కోట్ల డాలర్లకు పైగా మిగులు చూపెను. నేల క్రింది రైలుమార్గము 1986లో ఆరంభమై, ఇతడు పదవిలో నుండగనే, 1993లో, తెరువబడెను.

లోపములను దాచుట మాకిష్టము లేదు. 1982లో రాష్ట్ర గవర్నరు పదవికి నిలిచి, లక్ష లోపు ఓట్ల తేడాతో ఓడిపోయెను. 1986లో మరల ఓడెను. నగర మధ్యమున ఎత్తైన మేడలు లేచినను దక్షిణ భాగమందలి పేదలను మరచెనని పలువురు నిందించిరి. 1989లో ఒక బ్యాంకునుండి సలహాదారుగా సొమ్ము పుచ్చుకొనెనని అపవాదు రాగా, నేరాభియోగము మోపబడకపోయినను, 20,000 డాలర్లు చెల్లించి ఆ తగవు తీర్చుకొనెను.

అన్నిటికన్న బాధాకరమైనది పోలీసు శాఖ వ్యవహారము. ఆ శాఖాధిపతిని తొలగించు అధికారము నాటి శాసనము ప్రకారము మేయరునకు లేదు. 1991 మార్చిలో రాడ్నీ కింగ్ అను నల్లజాతివానిని పోలీసులు చితుకగొట్టు దృశ్యమును ఒకడు చిత్రించి లోకమునకు చూపెను. శాఖాధిపతియగు డారిల్ గేట్స్‌ను తప్పుకొమ్మని మేయరు కోరినను ఆయన వినలేదు. 1992 ఏప్రిల్ 29వ తేదీన ఆ పోలీసులపై దోషము రుజువు కాలేదని తీర్పు రాగానే నగరము తగులబడెను. 50 మందికి పైగా మరణించిరి. యౌవనమున ఏ తలుపు తట్టి విసిగెనో, ఇరువది యేండ్ల అధికారములోను ఆ తలుపు ఇతనికి పూర్తిగా తెరువబడలేదు.

అయినను ఆ సంవత్సరము జూన్ నెలలో ప్రజలు ఓటువేసి, శాఖాధిపతి పదవికి కాలపరిమితి విధించిరి. అదే కాలమున విల్లీ విలియమ్స్ అను నల్లజాతి ఉద్యోగి ఆ శాఖకు అధిపతి యయ్యెను. తెల్లవాని ప్రక్కన గస్తీ బండిలో కూర్చుండనీయని చోట ఇట్టి దినము వచ్చుట చిన్న విషయము కాదు. బ్రాడ్లీ 1993లో పదవి విడిచెను. 1996లో గుండె జబ్బు, దాని వెంట పక్షవాతము వచ్చి మాట తడబడెను. 1998 సెప్టెంబరు 29వ తేదీన, తన ఎనుబదవ యేట, కాలధర్మము చెందెను.

ఓర్పు ఇతని బలము. ఆ ఓర్పే కొన్నిచోట్ల ఆలస్యమయ్యెనని చెప్పువారు కూడ కలరు. వారి మాటను త్రోసివేయజాలము. కాని విద్యార్థులారా, పరీక్షలో ఒకసారి తప్పినంత మాత్రమున పుస్తకము మూసివేయువారు మీలో నున్నచో, 1969కిని 1973కిని నడుమ ఆ నాలుగేండ్లు ఇతడు ఊరక కూర్చుండలేదని జ్ఞాపకముంచుకొనుడు. మీ తండ్రులును తల్లులును ఏ చేలలో వంగి పనిచేసి మిమ్ము బడికి పంపుచున్నారో అదియు మరువకుడు.