లైకా కెమెరాను నిర్మించిన ఆస్కార్ బార్నాక్

ఛాయాచిత్రము తీయుట నేడు బాలబాలికలకు సయితము కష్టమైన పని కాదు. చేతి ఫోనును పైకెత్తి వ్రేలితో తాకినచో చాలును. నూఱేండ్లకు పూర్వమో, చిత్రము తీయగోరువాడు మొట్టమొదట బరువు మోయ నేర్వవలసియుండెను. పెద్ద కెమెరాపెట్టె, దానిని నిలుపుటకు మూడుకాళ్ల స్టాండు, ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క గాజుపలక, తల కప్పుకొనుటకు నల్లబట్ట, ఇవి యన్నియు వెంట నుండవలెను. ఆ బరువును మనుష్యుల భుజములమీదనుండి దింపినవారిలో ముఖ్యుడు జర్మనీ దేశస్థుడగు ఆస్కార్ బార్నాక్. ఆయన విశ్వవిద్యాలయమున చదివిన పండితుడు కాడు. యంత్రపు పని నేర్చిన కార్మికుడు, పైగా ఉబ్బసరోగి.

ఆయన 1879వ సంవత్సరము నవంబరు 1వ తేదీని బెర్లిను నగరమునకు దక్షిణముగా, బ్రాండెన్‌బర్గు సీమలోని లీనో అను చిన్న గ్రామమున జన్మించెను. బాల్యము ముగియగానే బెర్లిను దాపున ఖగోళ పరిశీలన పరికరములు చేయు నొక పనివాని యొద్ద శిష్యుడై పని నేర్చెను. వెండ్రుకవాసి తేడా వచ్చినను పనికిరాని వస్తువులవి. పిమ్మట ఆ దేశపు పనివారి ఆచారము ననుసరించి ఊరూర తిరిగి పనిచేసి, 1902లో యేనా నగరమందలి జైస్ కర్మాగారమున చేరెను.

యేనాకు సమీపమున థ్యురింజియా అడవులును కొండలును గలవు. బార్నాక్‌నకు ఆ కొండలలో తిరుగుటయన్నను చిత్రములు తీయుటయన్నను మిక్కిలి ప్రీతి. అయితే ఆయన యొద్ద నున్న కెమెరా 13 సెంటీమీటర్ల వెడల్పును 18 సెంటీమీటర్ల పొడవును గల గాజుపలకలను పట్టునది. అంతటి పెట్టెను, గాజుపలకల సంచిని మోసికొని ఎత్తైన త్రోవ నెక్కుచుండగా రొమ్ము బిగిసి ఊపిరి ఆడకుండెడిది. మఱియొకడైనచో చిత్రములనో, కొండలనో విడిచిపెట్టియుండును. ఈయన రెంటిలో దేనిని విడువనొల్లక, పెట్టెనే చిన్నది చేయనెంచెను. 1905 ప్రాంతమున ఒకే గాజుపలకపై పదునైదు ఇరువది చిన్నచిత్రములు వచ్చునట్లు చేసి చూచెను. కాని ఆ పలకలపై పూసిన మందులోని రేణువులు ముతకవి. చిన్న బొమ్మను పెద్దది చేసినప్పుడు మొగము బదులు ఇసుక చల్లినట్లు కనబడెను. ఆ ప్రయత్నము అంతటితో నిలిచిపోయెను.

జైస్ కర్మాగారములో ఆయనకు ఎమిల్ మెహౌ అను మిత్రుడుండెను. ఆయన వెట్స్లార్ పట్టణమందలి లైట్జ్ కర్మాగారమునకు పోయి, బార్నాక్‌ను గూర్చి అచ్చట చెప్పెను. ఆ కర్మాగారము సూక్ష్మదర్శినులకు ప్రసిద్ధి. తఱచు జబ్బుపడు మనుష్యునికి పని మాఱుట యెంత భయమో అనుభవించినవారికే తెలియును. అయినను 1911 జనవరిలో ఆయన అచ్చట ప్రయోగశాలకు మేస్త్రిగా కుదిరెను.

చలనచిత్రము క్రొత్తగా వ్యాపించుచున్న దినములవి. బార్నాక్ చలనచిత్రపు ఫిల్మును పరిశీలించి, దాని పూత సన్ననిదని గ్రహించెను. ఆ ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు. దానిపై బొమ్మ 18కి 24 మిల్లీమీటర్లు మాత్రమే. ఆయన ఫిల్మును నిలువునగాక అడ్డముగా నడిపించి, రెండు బొమ్మల చోటును ఒక బొమ్మకిచ్చెను. అట్లు 24కి 36 మిల్లీమీటర్ల కొలత యేర్పడెను. ఆయన తన రెండు చేతులను చాచి, ఆ బారెడు ఫిల్మును కత్తిరించగా అందు 36 బొమ్మలు పట్టెనని ఒక కథ చెప్పుదురు. కథ నిజమైనను కాకున్నను, ఆ లెక్క మాత్రము నిలిచినది.

1914 నాటికి కోటుజేబులో పట్టు లోహపు కెమెరా ఆయన చేతిలో నుండెను. అది అరవీశె యైనను తూగదు. ఒక మీటను త్రిప్పగానే ఫిల్ము ముందుకు జరుగుటయు, తెఱ మరల బిగియుటయు ఒక్కమాఱే జరుగునట్లు అమర్చెను. అందువలన ఒకే చోట రెండు చిత్రములు పడుట తప్పెను. యజమాని కుమారుడైన రెండవ ఎర్నెస్ట్ లైట్జ్ అట్టి కెమెరా నొకదానిని ఆ యేడు అమెరికాకు తీసికొనిపోయి పరీక్షించెను. అంతలో మహాయుద్ధము వచ్చెను. వెట్స్లార్ వీథిలో సైన్యసమీకరణ ప్రకటనను అంటించిన సైనికుని, చుట్టు మూగిన ప్రజలను బార్నాక్ తన చిన్న కెమెరాతో చిత్రించెను. 1920లో ఆ పట్టణమును నదీజలములు ముంచెత్తినప్పుడును వీథివీథికి పోయి చిత్రములు తీసెను. పాతపెట్టెతో అట్లు తిరుగుట ఆయన వశమగునా?

యుద్ధానంతరము జర్మనీ నాణెము విలువ పూర్తిగా పడిపోయెను. 1923లో పరీక్షకొఱకు సుమారు ఇరువదియైదు కెమెరాలను చేసి నేర్పరులకిచ్చి చూపిరి. అభిప్రాయములు ఏకముగా రాలేదు. ఇంత చిన్న వస్తువు ఆటబొమ్మ యనియు, కొనువారుండరనియు కొందఱు తలంచిరి. 1924 జూను మాసమున, తండ్రి గతించిన పిదప యజమానియైన ఎర్నెస్ట్ లైట్జ్ తన ఉద్యోగులను సమావేశపఱచి ఈ విషయమును దీర్ఘముగా చర్చింపజేసెను. సూక్ష్మదర్శినులు చేయు కర్మాగారము కెమెరాలలో చెడినయెడల వందలాది కుటుంబముల జీవనము చెడును. క్రొత్త పని కల్పింపకున్నను వారికి పని కఱవగును. చాలమంది వలదనిరి. అంతయు విని ఆయన, బార్నాక్ కెమెరాను చేయుటకే నిశ్చయించెను. ఈ యజమాని స్వభావము నెఱుగుటకు మఱియొక మాట చెప్పవచ్చును: 1933 తరువాత యూదులు హింసింపబడిన కాలములో ఆయన తన యూదు పనివారిని, మిత్రులను పలువురను విదేశములకు పంపి కాపాడెను.

1925 వసంతకాలమున లైప్జిగ్ సంతలో ఆ కెమెరాను లైకా అను పేర ప్రదర్శించిరి. లైట్జ్, కెమెరా అను రెండు మాటల మొదటి అక్షరములను కలిపి ఆ పేరు కూర్చిరి. దాని కటకమును సిద్ధపఱచినవాడు మాక్స్ బెరెక్. ఇంత చిన్న బొమ్మను పెద్దది చేసినను చెదరకుండుటకు కటకము శ్రేష్ఠమైనదై యుండవలెను. కావున ఈ కీర్తిలో ఆయనకు సగము పాలు చెల్లవలెనని నా తలంపు.

దానిని వాడుట యెట్లనగా, చిత్రింపవలసిన మనుష్యుడు ఎన్ని మీటర్ల దూరమున నున్నాడో కంటితో అంచనా వేసి, కటకముచుట్టు నున్న వలయమును ఆ అంకెకు త్రిప్పవలెను. అంచనా తప్పినచో బొమ్మ మసకబారును. ఇది చేతికి కంటికి మంచి సాధనయే గాని, తొందర పనిలో కష్టము. ఆ కష్టమును తీర్చుటకు బార్నాక్ మఱల పూనుకొనెను. 1932లో వచ్చిన రెండవ లైకాలో దూరమాపకమును కటకముతో జతపఱచెను. ఒక చిన్న గాజులో చూచుచు వలయమును త్రిప్పినప్పుడు, రెండుగా కనబడు రూపములు ఎచ్చట ఒకటగునో అచ్చట దూరము సరిపోయినట్లు. ఈ పద్ధతి గల కెమెరాలను నేటికిని చేయుచున్నారు.

బార్నాక్ 1936 జనవరి 16వ తేదీని ఏబదియాఱవ యేట మరణించెను. 1979లో, ఆయన పుట్టిన నూఱవ సంవత్సరమున, ఆయన పేర ఛాయాచిత్రకారుల కొక బహుమానము నెలకొల్పిరి. ఆయన కుదిర్చిన 24కి 36 కొలత ఫిల్మును దాటి, నేటి డిజిటల్ కెమెరాలలోని పెద్దరకపు పలకలకును వచ్చినది. 1923 నాటి పరీక్షా కెమెరాలలో 105 సంఖ్య గలది బార్నాక్ స్వయముగా వాడుకొనినది. 2022లో వెట్స్లార్‌లో దానిని వేలము వేయగా 1 కోటి 44 లక్షల యూరోలు పలికెను. దాని చూపుగాజు పైభాగమున ఆయన పేరు చెక్కబడియున్నది.