జాన్ ఉల్మన్

అమెరికాలోని న్యూజెర్సీ సీమ ఆంగ్లేయుల పాలనలో నున్న కాలమున, 1720వ సంవత్సరమున జాన్ ఉల్మన్ ఒక రైతు కుటుంబమునందు జన్మించెను. ఆ కుటుంబమువారు క్వేకరు శాఖకు చెందిన క్రైస్తవులు. క్వేకరులు ప్రార్థనామందిరమున మౌనముగా కూర్చుండి, భగవంతుడు మనస్సునకు తోపించిన మాటను మాత్రమే పలుకుదురు. యుద్ధము చేయరు, ప్రమాణము చేయరు. అయినను ఆ దినములలో వారిలో అనేకులు ఆఫ్రికా జాతివారిని బానిసలుగా ఉంచుకొనిరి. వింతయే! కాని ఊరివారందరును చేయు పని తప్పుగా కనబడుట అరుదు.

ఉల్మన్ ఇరువదియొక్క యేండ్ల వయస్సున ఇల్లు విడిచి, మౌంట్ హాలీ యను ఊరిలో ఒక వర్తకునికడ గుమాస్తాగా కుదిరెను. ఒకనాడు యజమాని తన బానిస స్త్రీని అమ్మి, క్రయపత్రము వ్రాయుమని అతనికి చెప్పెను. కొనువాడు ఎదుటనే వేచియుండెను. అతడును క్వేకరే, వృద్ధుడు. ఆలోచించుటకు వ్యవధి లేదు. ఉల్మన్ పత్రము వ్రాసెను. కాని బానిసత్వము క్రైస్తవ ధర్మమునకు సరిపడదని తన నమ్మకమని వారిరువురి యెదుటనే చెప్పెను. ఆ మాటతో మనస్సు కొంత తేలికపడినను పూర్తిగా కుదుటపడలేదు. కొంతకాలమునకు మరియొకడు అట్టి పత్రమునకే రాగా, తాను వ్రాయజాలనని మృదువుగా చెప్పి పంపెను.

వీలునామాలు వ్రాయుట ఆ దినములలో లాభసాటి పని. ఒకసారి పొరుగువాడొకడు పెద్ద దెబ్బ తగిలి మంచము పట్టి, ఉల్మనును పిలిపించి తన ఆస్తి పంపకము తెలిపెను. అందులో ఒక బానిసపిల్లయు నుండెను. ఉల్మన్ తక్కిన దంతయు వ్రాసి, ఆ పిల్ల సంగతి మాత్రము విడిచి, కాగితమును రోగికి చదివి వినిపించెను. ఆ భాగము వ్రాయుటకు తన మనస్సు ఒప్పుకొనదనియు, వ్రాసినదానికి కూలి వలదనియు స్నేహముతో చెప్పెను. ఇరువురును చాలసేపు మాటాడుకొనిరి. తుదకు రోగి ఆ పిల్లను విడుదల చేయ నంగీకరించెను. అప్పుడు ఉల్మన్ వీలునామా పూర్తిచేసెను.

తరువాత అతడు సొంతముగా అంగడి పెట్టెను. వ్యాపారము వృద్ధి పొందెను. అంత వ్యాపారము మనస్సునకు భారమని తలచి, 1756 ప్రాంతమున దానిని క్రమముగా మాని, కుట్టుపనితోను పండ్లతోటతోను జీవించెను. దక్షిణ సీమలలో సంచరించునపుడు బానిసలున్న ఇండ్లలో ఊరక ఆతిథ్యము పొందక, వారి సేవకు వెలగా వెండినాణెములు ఇచ్చుచుండెను. రంగు మురికిని దాచునే గాని పోగొట్టదని, రంగు వేయని బట్టలను, టోపీని ధరించెను. అప్పుడు తెల్లటోపీలు కొందరికి వేడుకగా నుండుటచే, ఇతడును సొగసుకాడైనాడని కొందరు అనుమానించిరట!

1758లో ఫిలడెల్ఫియాలో జరిగిన క్వేకరుల వార్షిక సభ, బానిసలు గల సభ్యుల ఇండ్లకు పోయి మాటాడుటకు కొందరిని నియమించెను. ఉల్మన్ వారిలో ఒకడు. అతడు ఎవరిని దూషింపలేదు. ఇంటింటికి పోయి, కూర్చుండి, మాటాడెను. బానిసలను విడువనివారికి సంఘమున స్థానము లేదని ఆ సభ 1776లో నిర్ణయించెను. కాని ఆ నిర్ణయము వినుటకు ఉల్మన్ లేడు.

1772లో అతడు ఇంగ్లండునకు పోయెను. ఓడలో సుఖమైన గదికి చెక్కిన అలంకారములు వ్యర్థవ్యయమని తలచి, నావికులుండు ఇరుకుచోటనే ప్రయాణించెను. ఆ దేశమున టపాబండ్ల వేగమునకు గుఱ్ఱములు చచ్చుచున్నవనియు, బండి బాలురు చలికి బిగిసి మరణించుచున్నారనియు విని, వాటి నెక్కక కాలినడకన యార్కు నగరము చేరెను. అచ్చట మశూచి సోకి, ఆ అక్టోబరు 7వ తేదీన మరణించెను. తన శవమును సామాన్యమైన కలప పెట్టెలో నుంచవలసినదనియు, ఆ ఖర్చునకు తన బట్టలను తీసికొనవలసినదనియు ముందే చెప్పియుండెను.